మేస్త్రి మాటా, అల్లుడి మాటా: బోర్ చేయించిన అంబాసిడర్‌కు ఏ ఆయిల్?

ప్రశ్న: మాది చెన్నై పెరంబూరు. నాన్నగారు కోచ్ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు. ఆయన 1984లో కొన్న పెట్రోలు అంబాసిడర్ ఇప్పటికీ మా దగ్గరే ఉంది. ఈమధ్య పొగ ఎక్కువై ఇంజన్ దించేశాం. బోర్ చేయించి (సిలిండర్లు కొద్దిగా వెడల్పు చేయించి) దానికి తగ్గ 20 ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ చేయించి కొత్త బేరింగులు వేశారు. క్యామ్ షాఫ్ట్ కూడా అరిగిందని గ్రైండ్ చేయించి ట్యాపెట్లు కొత్తవి వేశారు. వచ్చే శుక్రవారం స్టార్ట్ చేయాలనుకుంటున్నాం. ఆయిల్ దగ్గరే తగువు. మేస్త్రి ‘పాత ఇంజన్, 20డబ్ల్యూ-50 పోయండి’ అంటాడు. బెంగళూరులో ఉండే అల్లుడు 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ డబ్బా కొనుక్కొచ్చాడు. జీపీ రోడ్డులో స్పేర్ పార్టులమ్మే ఆయన లారీలకు వాడే 15డబ్ల్యూ-40 మంచిదంటాడు. నాన్నగారేమో ‘నలభై నంబరు ఆయిల్ తప్ప ఇంకోటి పోసి ఎరగను’ అంటారు. మేస్త్రి గంటన్నర ఐడిల్‌లో (గేరు వేయకుండా, యాక్సిలరేటర్ తొక్కకుండా) వదిలేస్తే ఇంజన్ సెట్ అవుతుందని కూడా అన్నాడు. అది అయిన మర్నాడే తిరుమల వెళ్ళి బండికి పూజ చేయించాలని అమ్మ పట్టు. ఎవరి మాట వినమంటారు?

సమాధానం: శుక్రవారం ముహూర్తం దగ్గర పడింది గనక ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. ఆ రోజు పోయాల్సింది మేస్త్రి చెప్పిన 20డబ్ల్యూ-50, అదీ మినరల్ రకం, అంటే ముడి చమురు శుద్ధి చేసి తీసిన మామూలు ఆయిల్. చేయకూడనిది ఆయనే చెప్పిన గంటన్నర ఐడిల్. అల్లుడిగారు తెచ్చిన డబ్బా మంచిదే, ఆయన కారులోనే పోసుకోమనండి. అల్లుడు తెచ్చింది కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. నెపం నా మీద వేసెయ్యండి.

మేస్త్రి చెప్పిన ఆయిల్ సరైనదే గానీ, చెప్పిన కారణం సరైనది కాదు. ‘పాత ఇంజన్ గనక చిక్కటి ఆయిల్’ అన్నది దాదాపు ప్రతి వర్క్‌షాపులో వినపడే మాట. మీది ఇప్పుడు పాత ఇంజన్ కాదు. బండికి నలభై ఏళ్ళు దాటి ఉండవచ్చు, ఇంజన్ బ్లాకుదీ అదే వయసు. కానీ ఆయిల్‌కు ఆ వయసుతో పనిలేదు. దానికి కావలసింది తిరిగే రెండు ఇనుప ముక్కల మధ్య ఎంత సందు ఉంది, ఎంత వేడి ఉంది, ఎంత ఒత్తిడి ఉంది అన్నవే. బోర్ చేసి, క్రాంక్ గ్రైండ్ చేసి, కొత్త బేరింగులు వేశాక ఆ సందులన్నీ మళ్ళీ కొత్త బండి సందులయ్యాయి. లేదా అయి ఉండాలి. అయ్యాయో లేదో తెలుసుకోవడం ఎలా అన్నదే అసలు ప్రశ్న.

అందుకే ఆయిల్ డబ్బా కన్నా ముందు మీరు సంపాదించాల్సింది లేత్ షాపు వాళ్ళ చీటీ. క్రాంక్ గ్రైండ్ చేసినవాళ్ళు జర్నల్ (బేరింగులో కూర్చుని తిరిగే క్రాంక్ భాగం) సైజు కొలిచే ఉంటారు. ఇంజన్ బిగించేటప్పుడు బేరింగుకూ జర్నల్‌కూ మధ్య ఎంత గ్యాప్ వచ్చిందో మేస్త్రి చూశాడా అని అడగండి. ప్లాస్టిగేజ్ అని మైనపు దారం లాంటిది దొరుకుతుంది. జర్నల్ మీద పెట్టి క్యాప్ బిగించి విప్పితే, దారం ఎంత వెడల్పుగా నలిగిందో చూసి గ్యాప్ చెప్పేయవచ్చు. జర్నల్ ఒక అంగుళం ఉంటే ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, గ్యాప్ ఉండాలన్నది ఇంజన్లు కట్టేవాళ్ళ మోటు లెక్క. మీ ఇంజన్ మెయిన్ జర్నళ్ళు సుమారు రెండు అంగుళాలు. కాబట్టి రెండు థౌ దరిదాపుల్లో ఉంటే పని బాగా కుదిరినట్టు. మూడు దాటిందంటే పని వదులుగా జరిగినట్టు, అప్పుడు 20డబ్ల్యూ-50 తప్ప గత్యంతరం లేదు. ఆయిల్ గ్రేడును నిర్ణయించేది ఆ గ్యాప్ అంకె. మీటరు మీద తిరిగిన కిలోమీటర్లు కాదు, ఆర్సీ పుస్తకంలో సంవత్సరమూ కాదు.

ఇప్పుడు డబ్బా మీది అంకెలు. డబ్ల్యూ అంటే వెయిట్ అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది వింటర్. 5డబ్ల్యూ అంటే మైనస్ 30 డిగ్రీల దగ్గర కూడా ఇంజన్ తిప్పగలిగేంత పలచగా ఉంటుందని పరీక్షించారన్నమాట. 20డబ్ల్యూకు ఆ పరీక్ష మైనస్ 15 దగ్గర. మార్గళి మాసం తెల్లవారుజామున స్వెటర్ వేసుకుని కచేరీలకు వెళ్ళే ఊరు మనది, నిజమే గానీ పెరంబూరులో నీళ్ళు గడ్డకట్టవు కదా. ఆ మొదటి అంకె కోసం మీరు ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టనక్కర్లేదు. మనకు లెక్క రెండో అంకె. ఇంజన్ వేడెక్కి ఆయిల్ 100 డిగ్రీలకు చేరినప్పుడు ఎంత చిక్కగా మిగిలిందో చెప్పేది అదే. 30 గ్రేడు ఆయిల్ ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉంటుంది. 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య. అంటే వేడి మీద అల్లుడిగారి ఆయిల్‌కూ మేస్త్రి ఆయిల్‌కూ నువ్వుల నూనెకూ ఆముదానికీ ఉన్నంత తేడా లేకపోయినా, మేస్త్రి ఆయిల్ సాధారణంగా ఒకటిన్నర రెట్లకు పైనే చిక్కన.

ఈ చిక్కదనం మీ ఇంజన్‌కు ఇంకో కారణం వల్ల కూడా కావాలి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ళ బీ-సిరీస్ రకం. అందులో క్రాంక్ వెనక కొసన ఇప్పటి కార్లలో లాంటి రబ్బరు సీలు లేదు. స్క్రూ మరలాగా చెక్కిన గాడి ఒకటి ఉంటుంది. క్రాంక్ తిరుగుతుంటే ఆ గాడి ఆయిల్‌ని లోపలికి తోసేస్తూ ఉంటుంది. తిరగడం ఆగితే తోయడమూ ఆగుతుంది. పలచటి ఆయిల్ పోస్తే పోర్టికోలో గచ్చు మీద చుక్కలు పడతాయి. మీ అమ్మగారు ముగ్గు మీద ఆయిల్ మరక చూసి ఏమంటారో మీకే బాగా తెలుసు.

అయినా గ్యాప్, లీకు ఇవేవీ నన్ను అంత భయపెట్టవు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన వాక్యం ‘క్యామ్ గ్రైండ్ చేయించి ట్యాపెట్లు కొత్తవి వేశారు’ అన్నది. క్యామ్ అంటే తిరుగుతూ వాల్వులు తెరిపించే కడ్డీ, దాని మీది ఎత్తులే లోబులు, ఆ లోబుల మీద ఆనుకుని కదిలేవి ట్యాపెట్లు. పాత క్యామ్, పాత ట్యాపెట్లు ఎక్కడివి అక్కడే ఉంచి ఉంటే ఇంత కంగారు పడేవాణ్ణి కాదు, అవి ఒకదానికొకటి అలవాటు పడ్డ కాపురం. కొత్తవాటికి తొలి ఇరవై నిమిషాల్లోనే కాపురం నిలబడడమో చెడడమో తేలిపోతుంది.

నా సంగతే చెప్తాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో మద్రాసులోనే ఒక ఫియట్ ఇంజన్ చేయించాను. కొత్త క్యామ్ వేశాం. స్టార్ట్ అయిన ఆనందంలో, ఇప్పుడు మీ మేస్త్రి చెప్పినట్టే, ఐడిల్‌లో రెండు గంటలు వదిలేసి టీ తాగుతూ ఆ శబ్దం వింటూ కూర్చున్నాం. అంత మెత్తగా ఆడిన ఇంజన్ని అప్పటిదాకా వినలేదు. నాలుగు వందల కిలోమీటర్లు తిరిగేసరికి పైనుంచి టైపు మిషను కొట్టినట్టు టకటక. ట్యాపెట్ గ్యాప్ సరిచేస్తే వారం రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. దించి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో ఉండాల్సిన రెండు లోబులు గోళీల్లా గుండ్రంగా అయిపోయాయి. ఆ ఇనుప రజను అంతా ఆయిల్‌లో కలిసి కొత్త బేరింగుల్ని కూడా గీరేసింది. చేయించిన పని మొత్తం రెండోసారి చేయించాను. అప్పటికి నా జీతం ఎంతో చెప్పను, చెప్తే మీరు నవ్వుతారు, నేను నవ్వలేను.

ఎందుకు అలా అవుతుందంటే, క్యామ్ లోబుకూ ట్యాపెట్‌కూ మధ్య బేరింగుల్లోలాగా పంపు ఒత్తిడితో ఆయిల్ రాదు. కింద క్రాంక్ తిరుగుతూ చిమ్మిన తుంపర్లే దిక్కు. ఐడిల్‌లో క్రాంక్ నెమ్మదిగా తిరుగుతుంది, చిమ్మేది తక్కువ. అదే సమయంలో వాల్వు స్ప్రింగు బలమంతా లోబు మొనలో ఒక సన్నటి గీత మీద పడుతుంది. ట్యాపెట్ తన చుట్టూ తాను కొద్దికొద్దిగా తిరుగుతూ ఉంటే అరుగుదల సమంగా పంచుకుంటుంది. ఒకచోటే బిగుసుకుందంటే ఇక అరవడమే, అరగడమే.

అందుకని శుక్రవారం క్రమం ఇలా ఉండనివ్వండి. క్యామ్ లోబుల మీద, ట్యాపెట్ అడుగున మాలిబ్డినం ఉన్న అసెంబ్లీ పేస్టు రాశారో లేదో ముందే అడగండి. ఫిల్టర్‌లో ఆయిల్ నింపి బిగించమనండి. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పేసి, సెల్ఫ్‌తో విడతలు విడతలుగా తిప్పండి, ఆయిల్ ప్రెషర్ గేజి ముల్లు లేచేదాకా. గేజి లేకపోతే ఈ ఒక్కరోజు కోసమైనా బిగించండి. డ్యాష్‌బోర్డు మీది ఎర్ర లైటును నమ్ముకుంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే. ప్రెషర్ దాదాపు పోయాక గానీ అది వెలగదు. రేడియేటర్ నిండా నీళ్ళు, టైమింగ్ సరిగా, కార్బొరేటర్‌లో పెట్రోలు చూసుకున్నాకే ప్లగ్గులు పెట్టండి. పదేపదే సెల్ఫ్ కొట్టించే స్టార్టింగు కొత్త క్యామ్‌కు మంచిది కాదు. అంటుకోగానే 2000 ఆర్పీఎం దాకా లేపి ఇరవై నిమిషాలు ఐడిల్‌కు దించకండి. ఒకే శబ్దంలో కాకుండా 1500కూ 2500కూ మధ్య అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు యాక్సిలరేటర్ మీద, ఒకరు టార్చిలైటుతో కింద లీకులు చూస్తూ. వేడి మరీ ఎక్కినా, ఎక్కడైనా ఆయిల్ కారినా ఆపేసి బాగుచేసి మిగిలిన నిమిషాలు పూర్తిచేయండి. నిమ్మకాయలూ కొబ్బరికాయా ఇంజన్ తిప్పకముందే కానిచ్చేయండి. మంత్రాలు అయ్యేదాకా ఐడిల్‌లో ఉంచారని మాత్రం నాకు రాయకండి.

ఇక ఆయిల్‌లో ఈ క్యామ్‌ని కాపాడే సరుకు ఏమిటంటే జింకు, ఫాస్ఫరస్ కలిసిన ఒక రసాయనం. ఒత్తిడి, వేడి తగిలిన చోట ఇనుము మీద పలచటి పొర కట్టి, ఇనుమూ ఇనుమూ నేరుగా రాసుకోకుండా అడ్డుపడుతుంది. ఇందులోని ఫాస్ఫరస్ ఇప్పటి కార్ల పొగ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకని ఆయిళ్ళకు ప్రమాణాలు పెట్టే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఎపిఐ) కొత్త తరగతుల్లో దాని మోతాదును కట్టడి చేసింది. 5డబ్ల్యూ-30 లాంటి పలచటి గ్రేడుల్లో ఫాస్ఫరస్ 800 పీపీఎంకు (పది లక్షల్లో 800 వంతులకు) మించకూడదు. ఇప్పటి చాలా ఇంజన్లలో క్యామ్ మీద రోలర్లు తిరుగుతాయి, వాటికి అది చాలు. మీ ట్యాపెట్ రోలరు కాదు, బల్లపరుపు ముఖంతో లోబు మీద రాసుకుంటూ పోతుంది. మీ బండికి కన్వర్టర్ అసలే లేదు. మన మెట్రో నగరాల్లో కన్వర్టర్లున్న కొత్త కార్లూ, వాటికోసం సీసం లేని పెట్రోలూ వచ్చిందే 1995లో. అంటే అల్లుడిగారి ఆయిల్, మీ దగ్గర లేని వస్తువును కాపాడటానికి మీకు కావలసినదాన్ని తగ్గించుకుంది. అంతే తప్ప అది చెడ్డ ఆయిల్ కాదు.

20డబ్ల్యూ-50 గ్రేడుకు ఆ 800 పరిమితి వర్తించదు. అలాగని ప్రతి 20డబ్ల్యూ-50లోనూ జింకు దండిగా ఉంటుందని కాదు, కంపెనీ ఇష్టం. కొనబోయే ఆయిల్ డేటా షీటు కంపెనీ సైటులో దొరుకుతుంది. ఫాస్ఫరస్, జింకు 1000 నుంచి 1200 పీపీఎం ఉంటే బాగు. మరీ ఎక్కువ కూడా పనికిరాదు, మందు మోతాదు మించితే రోగికి మేలు జరగదు కదా. డబ్బా వెనక గుండ్రటి ఎపిఐ ముద్ర చూడండి. అందులో ఎస్ఎల్ అనో ఎస్ఎన్ అనో (పెట్రోలు ఇంజన్ ఆయిల్ తరగతులివి) ఉంటే సరే. కింది అంచున ‘రిసోర్స్ కన్సర్వింగ్’ అని ఉందంటే అది మీకు కాదు. సర్వో, మ్యాక్, హెచ్‌పీ, క్యాస్ట్రాల్, గల్ఫ్, ఏ పేరైనా నాకు ఒకటే. దొంగ సరుకు కాకుండా ఉంటే చాలు. పెట్రోలు బంకులోనో అధికారిక డీలరు దగ్గరో కొనండి. మూత రింగు తెగకుండా ఉందో లేదో, లోపల రేకు సీలు అతికి ఉందో లేదో చూడండి. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ జోలికి అసలు పోవద్దు. ఖాళీ అయిన డబ్బాకు కత్తితో ఒక గాటు పెట్టి పారేయండి, మళ్ళీ ఎవరూ నింపి అమ్మకుండా.

మినరల్ ఎందుకంటున్నానో కూడా చెప్పాలి. మన అమ్మమ్మల కాలంలో రోలు నునుపెక్కితే గంట్లు కొట్టించేవాళ్ళు గుర్తుందా? వీధిలో అరుచుకుంటూ వచ్చి ఉలితో చిన్న చిన్న గంట్లు పెట్టిపోయేవాళ్ళు. బోర్ చేశాక హోనింగ్ అనేది సరిగ్గా అదే పని. సిలిండర్ గోడ మీద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఏటవాలు గీతలు పెడతారు. ఆ గీతల మొనలు రింగును కొద్దిగా అరగదీస్తాయి, రింగు వాటిని అరగదీస్తుంది, చివరికి రెండూ కుదురుతాయి. గీతల లోతులో ఆయిల్ నిలుస్తుంది. ఈ అరుగుదల తొలి కొద్ది వందల కిలోమీటర్లలోనే జరగాలి. ఫుల్ సింథటిక్ జారుడు ఎక్కువ గనక ఆ కుదురుబాటును ఆలస్యం చేయవచ్చు. ఐడిల్ కూడా ఇక్కడ శత్రువే. రింగును గోడకు నొక్కేది దాని స్ప్రింగు బలం ఒక్కటే కాదు, మండిన గ్యాసు రింగు వెనక్కి దూరి నెట్టడం కూడా. బరువు లేకుండా ఆడుతున్న ఇంజన్‌లో ఆ నెట్టుడు అంతగా ఉండదు. అప్పుడు గీతల్లో ఆయిల్ మాడి, గోడ గాజులా నునుపెక్కుతుంది. ఆ తర్వాత ఎన్ని వేల కిలోమీటర్లు తిప్పినా రింగులు కుదరవు, కొత్త ఇంజనే పొగ కొడుతుంది. గంట్లు కొట్టించిన రోట్లో తొలిసారి రుబ్బిన పిండిని ఇసుక తగులుతుందని పారేసేవాళ్ళు. మీ తొలి ఆయిల్‌ది కూడా అదే గతి.

అవును, పారేయడానికే పోస్తున్నారు. ఆ ఇరవై నిమిషాలు అయ్యాక, ఇంజన్ వెచ్చగా ఉండగానే డ్రెయిన్ నట్టు విప్పి మొత్తం దించేయండి, ఫిల్టర్ కూడా మార్చండి. ఫిల్టర్‌తో కలిపి నాలుగు లీటర్ల పైచిలుకు పడుతుంది, డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయండి. నాలుగు లీటర్లు వృథా అని నాన్నగారు అంటారు, అననివ్వండి. పాత ఫిల్టర్‌ను కోసి, లోపలి కాగితాన్ని పాత తెల్ల పంచె ముక్క మీద పరిచి ఎండలో చూడండి. బూడిద రంగు సన్నటి జిగురు ఉండడం సహజం, అసెంబ్లీ పేస్టూ తొలి అరుగుదలా అది. అయస్కాంతానికి అంటుకునే ముక్కలు కనిపిస్తే క్యామ్ గానీ రింగులు గానీ మాట్లాడుతున్నాయన్నమాట. అంటుకోకుండా రాగి రంగులో మెరిస్తే బేరింగు. అప్పుడు ఏ ఆయిల్ పోయాలా అని ఆలోచించకండి, సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించండి.

తర్వాత రోడ్డు. మౌంట్ రోడ్డు సిగ్నళ్ళలో తిప్పితే ఐడిల్‌లో పెట్టినదానికి పెద్ద తేడా ఉండదు. తెల్లవారుజామున లేచి రెడ్ హిల్స్ మీదుగా గుమ్మిడిపూండి దాటి తడ దాకా పోయి రండి, ఎటూ మనవాళ్ళు నెల్లూరు వెళ్ళే దారే. టాప్ గేరులో 40 నుంచి 60 దాకా నిలకడగా యాక్సిలరేటర్ తొక్కి, వదిలేసి మళ్ళీ 40కి దిగనివ్వండి. ఇలా ఓ ఇరవై ముప్పై సార్లు. తొక్కినప్పుడు రింగు గోడకు నొక్కుకుంటుంది, వదిలినప్పుడు పైకి పీల్చిన ఆయిల్ గీతల్లోని రజను కడుగుతుంది. ఒకే వేగంతో గంటసేపు పోవద్దు, 70 దాటొద్దు, టాప్‌లో బండి గునుస్తుంటే గేరు దించండి. 500 కిలోమీటర్లకు ఇంకోసారి ఆయిల్, ఫిల్టర్. అప్పుడే హెడ్ బోల్టులు మళ్ళీ టార్క్ చేయించి, ట్యాపెట్ గ్యాప్ చూడమనండి. 1500కు మూడోసారి. ఆపైన 5000 కిలోమీటర్లకు ఒకసారి, అంత తిరగకపోతే ఏడాదికి ఒకసారి.

గేజి తీయించేయకండి. వేడెక్కిన ఇంజన్‌లో వెయ్యి ఆర్పీఎంకు పది పీఎస్ఐ చొప్పున లెక్కేసుకోండి. 3000 దగ్గర 30కి పైనా, ఐడిల్‌లో 15 దరిదాపుల్లోనూ ఉంటే నిశ్చింత. దానికన్నా తగ్గిందనుకోండి, ఇంకా చిక్కటి ఆయిల్ పోసి ముల్లును పైకి లేపడం సులువే. కానీ అది జ్వరం వచ్చిన పిల్లాడి థర్మామీటర్‌ను చన్నీళ్ళలో ముంచడమే. చిక్కటి ఆయిల్ సందులోంచి నెమ్మదిగా పోతుంది గనక ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది, బేరింగుకు అందే ఆయిల్ ఎక్కువైందని దానర్థం కాదు.

జీపీ రోడ్డు ఆయన సలహాను తోసిపుచ్చను. డీజిల్ కోసం చేసిన సీఐ-4 ఆయిళ్ళలో జింకు బాగానే ఉంటుంది, మసిని కడిగే గుణమూ ఎక్కువే. డబ్బా మీద సీఐ-4తో పాటు ఎస్ఎల్ అని కూడా ఉంటే పెట్రోలు ఇంజన్‌లో నిక్షేపంగా పోయవచ్చు. బేరింగు గ్యాపులు ఒకటిన్నర థౌ అంత బిగువుగా వచ్చి, మీ గేజి పైనే నిలబడుతుంటే 15డబ్ల్యూ-40 నాకూ ఇష్టమే. శుక్రవారం మంచి 20డబ్ల్యూ-50 దొరక్కపోతే అదే పోయండి.

నాన్నగారి నలభై నంబరు సంగతి. ఆయన తప్పు చేయలేదు. ఆ రోజుల్లో ఎండాకాలానికి ఒక నంబరు, చలికాలానికి ఒక నంబరు ఆయిల్ ఉండేది, మద్రాసులో రెండో కాలమే లేదు గనక నలభైతో సరిపోయింది. ఇప్పటికీ అది దొరుకుతుంది. ఇబ్బందల్లా రెండు. చల్లగా ఉన్నప్పుడు మల్టీగ్రేడ్ కన్నా చిక్కగా ఉండి పైన వాల్వుల్ని నొక్కే రాకర్ల దాకా చేరడానికి సమయం తీసుకుంటుంది. పైగా ఒంటి నంబరు డబ్బాల మీద తరచూ ఎస్ఎఫ్ లాంటి పాత తరగతులే ఉంటాయి. ఎస్ఎఫ్ 80ల నాటి ప్రమాణం, మీ బండి తోటిదే, విషమేమీ కాదు. కానీ మసిని, జిగురును అదుపు చేయడంలో ఆ తర్వాత వచ్చినవి చాలా ముందున్నాయి.

అల్లుడిగారికి కూడా ఒక మాట మిగిల్చాను. మూడు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగి, ఆయిల్ తాగడం తగ్గి, గేజి నిలకడగా ఉన్నాక సింథటిక్‌కు మారాలనుకుంటే మారవచ్చు, 15డబ్ల్యూ-50 లాంటి గ్రేడులో. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు ట్రాఫిక్‌లో నిలబడే బండికి అది మేలే చేస్తుంది. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగే బండికి ఆ డబ్బు దండగ అని నా అభిప్రాయం, కాదనే హక్కు ఆయనకుంది.

ఇంజన్ దించిన మేస్త్రి థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) తీసేసి ‘మన ఎండకు ఇదెందుకు’ అన్నాడేమో కనుక్కోండి. మన ఊళ్ళో నూటికి సగం పాత బండ్లలో అది ఉండదేమో అనిపిస్తుంది నాకు. అది లేకపోతే ఇంజన్ చల్లగా నడుస్తుంది, ఆయిల్‌లో చేరిన తేమా పెట్రోలూ ఆవిరైపోవు. పెరంబూరు నుంచి కూరగాయల మార్కెట్‌కు వెళ్ళి వచ్చే ప్రయాణాలకు ఇంకా ప్రమాదం. ఆయిల్ మూత తీస్తే లోపల చిలికిన వెన్నలాంటి తెల్లటి నురగ కనిపించిందంటే సంగతి అదే కావచ్చు. రేడియేటర్‌లో నీళ్ళు కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇంకోటి, ఇంజన్ పక్కన బిగించిన మెకానికల్ పెట్రోలు పంపు డయాఫ్రం. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలు పాత రబ్బరుకు పడదు. అది చిరిగితే పెట్రోలు నేరుగా సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకపోగా పెరుగుతోందంటే సంతోషించకండి, వాసన చూడండి. ఆ ఆయిల్‌తో ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. పంపుకు ఇథనాల్ తట్టుకునే కొత్త కిట్ ఇప్పుడే వేయించేయండి, ఇంజన్ విప్పి ఉండగా అది పది నిమిషాల పని.

దించిన ఆయిల్‌ను కాలువలో పోయకండి. వాడేసిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. అదే డబ్బాల్లో నింపి, రీసైక్లింగ్ వాళ్ళకు ఇచ్చే వర్క్‌షాపుకు అప్పగించండి.

చివరగా అమ్మగారి మొక్కు. మర్నాడే తిరుమల అంటే కొత్త రింగుల మీద ఘాట్ రోడ్డు ఎక్కించడం, ఎండలో చిన్న గేర్లలో ఏకబిగిన. వద్దు. తిరుపతి దాకా రానూ పోనూ మైదానమే, 500 కిలోమీటర్ల ఆయిల్ మార్పు అయ్యాక ఏ పొద్దున్నో బయల్దేరి వెళ్ళండి, దారిలో రెండుచోట్ల ఆపి బానెట్ ఎత్తండి. బండి పూజ కొండ కిందే చేయించి, పార్కింగులో పెట్టి, మీరు బస్సులో పైకి వెళ్ళి దర్శనం చేసుకోండి. 1500 కిలోమీటర్ల మార్పు కూడా అయ్యాక మళ్ళీ వెళ్ళినప్పుడు బండినే కొండెక్కించాలనుకుంటే, ఇంత పాత బండిని ఘాట్ రోడ్డు మీదికి రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. అప్పుడు కూడా ఎక్కగానే ఇంజన్ కట్టేయకుండా రెండు నిమిషాలు ఆడనిచ్చి ఆపండి. ఐడిల్‌కు నేను ఒప్పుకునేది ఆ రెండు నిమిషాలకే.